ఎగిరేవాళ్లు ఇద్దరు కావలెను

అండమాన్ వెళ్లొచ్చానంటే అందరూ ముందు అడిగేది జైలు చూశావా అని. చూడలేదు. ఆ తర్వాత అడిగేది నీళ్లలో మునిగి పగడాలు చూశావా అని. అదీ లేదు. మరి నాలుగు రోజులు అక్కడేం చేశావమ్మా అని మా అత్తగారు నిలదీస్తే, మనుషుల్ని వెతికానని చెప్పాను. విశాఖపట్నంలో మనుషులు అయిపోయారా అని ఆవిడ అడిగారు. నాకు కావలసిన రకం నిజంగానే అయిపోయారు.

నేను పళ్ల డాక్టర్ని. వారమంతా నోళ్లలోకి చూసే మనిషిని కదా, ఆదివారమైనా ఆకాశంలోకి చూద్దామని పదహారేళ్ల కిందట పారాగ్లైడింగ్ సంఘంలో చేరాను. గుడ్డతో కుట్టిన పెద్ద రెక్క, దానికి సన్నటి దారాలు, ఆ దారాలకు వేలాడే ఒక మనిషి. ఇంజిను ఉండదు. కొండ అంచు నుంచి పరుగెత్తితే గాలి ఎత్తుకోవాలి, లేకపోతే పడతాం. మొదట్లో మేం ముప్ఫై నాలుగు మందిమి. ఒకరికి మోకాళ్లు పోయాయి, ఒకరికి పెళ్లయింది. ఒకడు డ్రోన్ కొనుక్కున్నాడు, అది ఎగిరితే తను ఎగిరినట్టేనని, పైగా నడుం నొప్పి ఉండదని వాడి వాదన. మా ఆయన ఒకే ఒక్కసారి ఎగిరి, గాలిలోంచి ఎవరిదో జీడితోట మీద వాంతి చేసుకుని, దిగీ దిగగానే రాజీనామా ఇచ్చారు. కొత్తవాళ్లు రారు. వాళ్లకు ఎగరడం కావాలి గానీ నేర్చుకోవడం అక్కర్లేదు. డబ్బు కట్టి, ఎవరి ఒళ్లోనో కూర్చుని పది నిమిషాలు తిరిగి, వీడియో తీసుకుని వెళ్లిపోతారు.

అలా తరిగి తరిగి అయిదుగురం మిగిలాం. ఏడుగురికి తగ్గితే సంఘం రద్దు, కొండ దగ్గరి షెడ్డు అప్పగించెయ్యాలి అని మా నియమావళిలో ఉంది. షెడ్డు ఇచ్చినవాళ్లు మార్చి ఆఖరుదాకా గడువిచ్చారు. ఎవరిదో బావమరిది పేరు, ఎవరిదో అక్క పేరు రాసేద్దాం అని మిగతావాళ్లన్నారు. సెక్రటరీని నేను. ఎగరని మనిషి పేరు రాయనంటే రాయనన్నాను. నాకు పిల్లల్లేరు, పూజల్లేవు, సీరియళ్ల పిచ్చి లేదు. ఆ షెడ్డు పోతే ఆదివారం పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు.

అలాంటి సమయంలో ఎగిరేవాళ్ల ఫోన్ గ్రూపులో అప్పన్న దొరికాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఓడల మరమ్మతు షెడ్డులో వెల్డరు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు, అందుకని అన్నీ గొంతు రికార్డు చేసి పంపుతాడు. "దీదీ, హమారా సంఘంలో గ్యారా మెంబర్లున్నారు. పక్కా. ఒక్కడు తగ్గలేదు ఇప్పటిదాకా," అన్నాడు. పదకొండు మందిలో ఇద్దరిని మా సంఘంలో కూడా చేర్చుకుంటే తప్పేమీ లేదు కదా అనిపించింది. దరఖాస్తు ఫారాలు సంచిలో పెట్టుకుని ఫిబ్రవరిలో విమానమెక్కాను.

గరాచర్మ

అప్పన్నకు యాభై అయిదుంటాయి. కిందివరసలో ముందు పన్ను లేదు. నవ్వినప్పుడల్లా నా చెయ్యి దానివైపు వెళ్లబోయి ఆగేది. వాళ్ల తాతలు శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఊరి శివారు గరాచర్మలో కొత్తగా కట్టుకున్న ఇల్లు, చుట్టూ ఇంకా కడుతున్న ఇళ్లే. ఇంటి పేరు హిందీలో, గుమ్మానికి మామిడాకులు మనవైపులాగే.

అక్కడా మన గడియారమే నడుస్తుంది గానీ సూర్యుడు మాత్రం దాని ప్రకారం నడవడు. సాయంత్రం అయిదున్నరకే మునిగిపోతాడు. ఆరున్నరకి నా ముందు కంచం పెట్టారు. మా ఇంట్లో ఆ వేళకి ఇంకా పకోడీల గురించి ఆలోచిస్తుంటాం. సూర చేప పులుసు, ముక్కలు నా అరచేయంత. మొహమాటపడి ఒక్క ముక్క చాలన్నాను. "తినండి మేడమ్, చేపకేం? టమాటా వెయ్యలేదని ఏమీ అనుకోకండి," అంది అప్పన్న భార్య. టమాటాలు ఓడలో వస్తాయి, ఓడ ఆలస్యమైతే ధర మండిపోతుంది. మనింట్లో చుట్టాలొస్తే చేప వండడానికి వెనకాడతాం, వాళ్లు టమాటాకి వెనకాడతారు. నేను సిగ్గు మానేసి నాలుగు ముక్కలు తిన్నాను.

భోజనమయ్యాక అప్పన్న సంఘం రిజిస్టరు తెచ్చాడు. అంతా హిందీలో. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. పదకొండు పేర్లు, అందరూ మగవాళ్లే. ఎక్కడా కొట్టివేత లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ కాడ ఎందరుంటారు దీదీ?" అన్నాడు.

"చాలామంది," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"బహుత్ అచ్ఛా," అని అప్పన్న భార్యవైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడంలో ఏదో లెక్క ఉందని నాకు అప్పుడే అనుమానం రావలసింది. చేప మత్తులో రాలేదు.

పడుకోబోతుంటే మా ఆయన ఫోన్ చేశారు. "ఎంతమంది దొరికారు?" అన్నారు. పదకొండు అన్నాను. "అయితే అక్కడే ఉండిపో," అన్నారు.

బాంబూఫ్లాట్

మర్నాడు ఆదివారం. సభ్యులంతా బాంబూఫ్లాట్‌లో కలుస్తారని అప్పన్న చాథం జెట్టీ నుంచి ఫెర్రీ ఎక్కించాడు. స్కూటర్లు, కూరగాయల బుట్టలు, మనుషులు అన్నీ ఒకే రేవులోంచి ఒకేసారి ఎక్కాయి. పక్కన నిలబడ్డ పెద్దాయన, ఓడలో వంటవాడిగా చేసి రిటైరయ్యాడట, నన్ను డాక్టరని అప్పన్న పరిచయం చేసిన మరుక్షణం నోరు తెరిచాడు. "దేఖో దీదీ, ఈ దవడ పన్ను." ఫోన్ టార్చి వేసి చూశాను. అది చూసి మరో ఇద్దరు వరసలో నిలబడ్డారు. అవతలి ఒడ్డు చేరేలోపు మూడు నోళ్లు చూశాను, మూడింట్లోనూ కిళ్లీయే. ఒకాయన ఫీజు కింద నాకూ ఒక కిళ్లీ ఇచ్చాడు.

జెట్టీకి కొంచెం పైన ఒక రేకుల షెడ్డు. లోపల ఆకుపచ్చ రెక్క పరిచి ఉంది. దాని చుట్టూ ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని, దారాలు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య జారవిడుస్తూ, వలకన్ను చూసినట్టు చూస్తున్నారు. మగవాడన్నవాడు లేడు. సభ్యుల ఇంటివాళ్లు వంట కోసం ముందుగా వచ్చారనుకున్నాను. అరగంట గడిచింది. టీ వచ్చింది, జంతికలు వచ్చాయి, సభ్యులు మాత్రం రాలేదు.

"మెంబర్లేరీ?" అన్నాను.

"వీళ్లే కదా దీదీ," అన్నాడు అప్పన్న. "ముగ్గురు రాలేదు ఈరోజు. ఒకామెకి జ్వరం."

"రిజిస్టర్లో మగవాళ్ల పేర్లున్నాయి!"

అప్పుడు విషయం బయటపడింది. వీళ్ల తాతల నాటి నుంచి పడవల్లో ఒక కట్టుబాటు ఉందట. పడవలో ఒకడికి చోటుందంటే అది వాడి ఒక్కడిదీ కాదు, వాడి ఇంటిది. వాడు జబ్బుపడినా, ఊరు మారినా, చచ్చిపోయినా చోటు అలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్లెవరో వచ్చి వల బాగుచేసో, వండిపెట్టో ఆ చోటు నిలబెడతారు. ఆ ఇల్లే వద్దన్నదాకా పేరు తియ్యరు. పన్నెండేళ్ల కిందట ఎవరో విదేశీయుడు సామాను బరువెక్కువైందని రెండు రెక్కలు వదిలేసి వెళితే, అప్పన్నా అతని స్నేహితులూ కిందా మీదా పడి నేర్చుకుని సంఘం పెట్టుకున్నారు. పడవకున్న పద్ధతే దీనికీ పెట్టారు. ఇంకో పద్ధతి వాళ్లకు తెలియదు మరి.

తర్వాత ఒకడికి కాంప్‌బెల్ బేకి, ఎక్కడో దక్షిణపు కొస ద్వీపానికి, బదిలీ అయింది. ఒకడు టూరిస్టుల్ని పడవకి కట్టి ఎగరేసే పనిలో చేరాడు, తను ఎగరడం మానేశాడు. కొందరు పెళ్లాలు వద్దంటే మానేశారు, ఆ పెళ్లాలే ఇప్పుడొచ్చి దారాలు చూస్తున్నారు. ఇప్పుడు పదకొండు మందిలో ఎగిరేది అప్పన్న ఒక్కడే.

నాకు ఒళ్లు మండింది. కిళ్లీ తిన్న నోరు కూడా మండుతోంది. "ఎగరనివాళ్లతో ఎగిరే సంఘమేమిటయ్యా? ఒక్కరైనా ఒక్కసారైనా గాలిలోకి లేచారా?" అని గట్టిగానే అన్నాను.

ఆడవాళ్లలో పెద్దామె తలెత్తింది. పోలమ్మ, అరవై దాటిన మనిషి. అప్పన్నతో కలిసి మొదట నేర్చుకున్న గురయ్యకి భార్య. గురయ్య గుండె ఆగి పోయి నాలుగేళ్లు. నా వృత్తి ప్రకారం చెప్పాలంటే ముప్ఫై రెండు పళ్లూ ఉన్న మనిషి.

"ఎవులడిగినారమ్మా మమ్మల్ని, ఎగురుతారా అని?" అంది. "అది సరేగానీ, మీ కాడ ఎందరు ఎగురుతన్నారు?"

చాలామంది అని మళ్లీ అనబోయాను. ఏడు జతల కళ్లు నా మీదే ఉన్నాయి. "ముప్ఫై నాలుగు మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు అయిదుగురం. ఎగిరేది ముగ్గురం," అన్నాను.

అప్పన్న మొహం వాడిపోయింది. "అరే దీదీ, చాలామంది అన్నారు కదా! మీ కాడ నుంచి ఇద్దరినైనా అడుగుదామనుకున్నా. నాకు మోకాళ్లు పోతున్నాయి. నేను కూడా ఆపేస్తే రెక్క ఎవరు లేపుతారు?" అన్నాడు.

నేను సంచిలోంచి నా ఫారాలు తీసి చూపించాను.  అవి చూసి జంతికల పళ్లెం పట్టుకున్న అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది, దాంతో అందరూ మొదలుపెట్టారు. నేనూ నవ్వాను, మరేం చెయ్యను.

పోలమ్మ మాత్రం వదల్లేదు. "ముప్పైనాలుగు మందన్నావు. మిగిలినోల్లు ఏటయ్యారు?"

"మానేశారు. మాకు నేర్పిన మాస్టారు పోయారు, రెండేళ్లయింది."

"ఆరి సోటు ఎవులు సూత్తన్నారు?"

"ఎవరూ లేరు. పేరు కొట్టేశాను."

"ఎప్పుడు?"

"ఆ వారమే," అన్నాను. ఎర్రసిరాతో, స్కేలు పెట్టి కొట్టానని చెప్పలేదు. పోలమ్మ నావైపు చూసినట్టు, మత్తింజెక్షను లేకుండా పన్ను పీకినప్పుడు కూడా ఎవరూ నన్ను చూడలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకి సంగతి చెప్పాను. "అంటే ఆ ఊళ్లో ఉంటే నేను ఇప్పటికీ మెంబర్నే అన్నమాట," అన్నారు. గొంతులో భయం తెలిసింది.

వండూర్

సోమవారం వండూర్ దగ్గరి దిబ్బకు వెళ్లాం. ఎవరిదో కొబ్బరితోట, అంచు నుంచి కింద ఇసుక దాకా నూట యాభై అడుగులుంటుందేమో. పైనుంచి కిందికి ఎగిరితే నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లకి అనుమతి కాగితాలు మూడు కావాలి, అప్పన్న వాటిని ప్లాస్టిక్ సంచిలో వేసి మెడకి తగిలించుకున్నాడు. మావైపు పావుగంట తిరిగే కొండలున్నా ఎగిరేవాడు లేడు, ఇక్కడ నలభై సెకన్ల దిబ్బ మీద ఎనిమిది మంది టిఫిను క్యారియర్లతో కూర్చున్నారు.

పొద్దున తొమ్మిదికి నా గాలి మీటరు తీసి చూశాను. ఎదురుగాలి, గంటకి పద్నాలుగు కిలోమీటర్లు. ఇంతకన్నా మంచిది దొరకదు. వాళ్ల రెండు రెక్కల్లో ఒక్కరు ఎగిరేది పరిచాను. ముందు నేను ఎగిరి చూపిస్తే వీళ్లలో ఎవరికైనా ఉత్సాహం పుడుతుందని ఆశ.

"ఇప్పుడొద్దు డాక్టరమ్మా," అంది పోలమ్మ నీడలోంచి. "గాలింకా ఎనకనించే ఒస్తంది."

"మొహానికి తగులుతోంది కదమ్మా."

"మొకం కాదు, నీటిని సూడు. అలమీద గీతలన్నీ అటే పోతన్నాయి."

మీటరు ఇచ్చే అంకె ముందు నీటి మీద గీతలేమిటి అనుకున్నాను. పదహారేళ్ల అనుభవం నాది. నాలుగు అడుగులు పరుగెత్తాను. రెక్క లేచింది, నేనూ లేచాను. అంతలో ఎవరో తాడు కోసినట్టు అంతా ఒక్కసారి కుంగి, పది అడుగుల కింద మొగలి పొదలో పడ్డాను. వెనకనుంచి వచ్చే గాలి దిబ్బ దాటాక కిందికి సుడి తిరిగి మొహానికి తగులుతుంది, అది ఎదురుగాలి కాదు. కొత్తవాళ్లకి మూడో పాఠంలో ఇదే చెబుతాను, బోర్డు మీద బొమ్మ కూడా వేస్తాను.

మొగలి ముళ్లు ఎలా ఉంటాయో వర్ణించను. ఏడుగురూ దిగి వచ్చి, ముందు రెక్కని ముల్లు ముల్లూ విడదీసి జాగ్రత్తగా పైకి చేరవేశారు. తర్వాత నన్ను తీశారు. చిరుగు అరచేయంత కూడా లేదు, అప్పటికప్పుడే సూది దారంతో కుట్టేశారు. మావాళ్లయితే ఇలాంటి చిరుగుకి ఫొటో తీసి గ్రూపులో పెట్టి ఒక నమస్కారం బొమ్మ పంపుతారు.

మధ్యాహ్నం అన్నం, నెత్తళ్ల వేపుడు, కొబ్బరి పచ్చడి. నేను నిలబడే తిన్నాను. ఒంటిగంట దాటాక పోలమ్మ చెయ్యి కడుక్కుని సముద్రంవైపు చూసి, "ఇప్పుడు తిరిగింది," అంది. తర్వాత అప్పన్నవైపు తిరిగి, "నన్ను ఎక్కించరా," అంది.

అప్పన్న బిక్కమొహం వేశాడు. "పిన్నీ, సచ్ మే?"

"డాక్టరమ్మ అడిగింది కదా, ఒకలైనా ఎగిరారా అని. నాలుగేళ్లనించి సోటు సూత్తన్నాను, ఆ సోటు ఏటో సూడొద్దూ?"

చీర గోచీ పోసి కట్టింది. హెల్మెట్టు పెడితే కొప్పు అడ్డొచ్చింది, కొప్పు విప్పేసింది. ఇద్దరు కూర్చునే రెక్కకి ముందు ఆమెని, వెనక అప్పన్నని కట్టాం. తను చెప్పగానే పరుగెత్తాలి, ఆగకూడదు అని అప్పన్న మూడుసార్లు చెప్పాడు. బరువు బుట్ట నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచిన కాళ్లు పోలమ్మవి. అతను చెప్పక ముందే పరుగు అందుకుంది. వెనక అప్పన్న ఈడ్చుకుపోయాడు, అతని చెప్పు ఒకటి ఇక్కడే ఉండిపోయింది. రెక్క ఆకుపచ్చగా నిండి, ఇద్దరూ అంచు దాటి, సముద్రం మీదికి వెళ్లారు. పైన ఆరుగురు ఆడవాళ్లు ఒక్కసారే అరిచారు. నేను వాళ్లకన్నా గట్టిగా అరిచాను.

మేం కిందికి పరుగెత్తి వెళ్లేసరికి ఒడ్డున కాపలా ఆయన విజిలు ఊదుతున్నాడు. ఆ తీరంలో మొసళ్ల భయం ఉంది, నీళ్లలో వల కట్టి దాని లోపలే స్నానం చెయ్యనిస్తారు. వల దాటి బయటికి వెళ్లేవాళ్లని ఆపమని ఆయనకి చెప్పారు. పైనుంచి లోపలికి వచ్చేవాళ్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏం చెయ్యాలో తోచక ఊదుతూనే ఉన్నాడు. అప్పన్న మెడలోని ప్లాస్టిక్ సంచి విప్పి మూడు కాగితాలూ చూపించాక గానీ ఆపలేదు.

పోలమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. దెబ్బ తగిలిందేమోనని నేను గబగబా పక్కన కూర్చున్నాను. మొహం తడిగా ఉంది.

"దిగినపుడల్లా సెప్పేవోడమ్మా," అంది. "పైనించి సూత్తే నీరు సారలు సారలుగా, రకరకాల రంగుల్లో ఉంతాదని, సేపల గుంపు కింద నీడలాగ కదుల్తాదని. తాగొచ్చి వాగుతన్నాడనుకునేదాన్ని. అంతా ఉన్నదే సెప్పాడు."

 నాకు తెలిసిన ఒక్క పనీ చేశాను. సంచిలోంచి ఫారం తీసి, మా సంఘంలో చేరమన్నాను. ఇప్పుడు మీరు ఎగిరిన మనిషి, నా నియమం ప్రకారం కూడా పేరు రాయొచ్చు, మీరొకరు చేరితే ఇంకొక్కరే కావాలి అన్నాను.

పోలమ్మ ఫారం తీసుకోలేదు. "నాకు ఈడ సోటుందమ్మా. మీ కాడికెందుకూ?" అని కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ కాడ సోట్లు కాళీ అయిపోయాయన్నావు. ఆల్ల ఇల్లు కూడా కాళీ అయిపోయాయేటి?"

తిరుగు బస్సులో నేనెవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మొగలి ముళ్ల నొప్పి అనుకున్నారు.

మళ్లీ విశాఖ

వచ్చిన మర్నాడు పొద్దున రిజిస్టరు తీశాను. ఇరవై తొమ్మిది ఎర్రగీతలు. అన్నీ నావే, అన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ పేర్లవాళ్లకి భార్యలున్నారు, భర్తలున్నారు, ఎదిగిన పిల్లలున్నారు. వీళ్లలో ఒక్కరినీ కొండకు రమ్మని నేను ఎప్పుడూ అడగలేదు.

ముందు మాస్టారి ఇంటికి ఫోన్ కలిపాను. పద్నాలుగేళ్లలో ఎన్ని ఆదివారాలు మాస్టారి భార్య పంపిన టీ తాగామో. ఆవిడ పేరు నాకు తెలియదని ఫోన్ మోగుతుండగా గుర్తొచ్చింది.

"నేనండీ, సంఘం సెక్రటరీని."

"పళ్ల డాక్టరమ్మా? చెప్పమ్మా."

పడవలు, చోట్లు, అండమాను, పోలమ్మ, అన్నీ కలిపి గందరగోళంగా చెప్పాను. మాస్టారి చోటులో మీరు వస్తారా, ఎగరక్కర్లేదు, ఊరికే వచ్చి కూర్చున్నా చాలు అన్నాను. 

"ఆదివారం నాకు ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువొచ్చేస్తుందమ్మా," అన్నారు. "టీ కాచి ఫ్లాస్కులో పోశాక గానీ ఆయన లేరని గుర్తురాదు. ఎవరైనా పిలుస్తారేమోనని మొదట్లో చూశాను. మా ఇల్లు మీ ఆస్పత్రికి రెండు వీధుల అవతలే కదమ్మా, దీనికి అంత దూరం వెళ్లొచ్చావా?"

"తప్పయిపోయిందండీ," అన్నాను. 

"సర్లే. ఈ ఆదివారం ఎంతమందికి పొయ్యమంటావు?"

అయిదుగురం. ఆవిడతో ఆరు. తలెత్తి చూశాను. ఎదురుగా మా ఆయన అంతా విని, పేపరు మొహానికి అడ్డంగా పెట్టుకున్నారు.

"ఏడుగురికి," అన్నాను.